నాలుగు తలుపుల బండి ధర

చిలకపాలెం జంక్షన్లో పాత బండి అమ్ముడుపోవాలంటే ముందు జగన్నాధం దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చెయ్యాలి. అతనికి షెడ్డు లేదు, బోర్డు లేదు. హైవే పక్కన టీ బడ్డీ ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో అతను. బండి వచ్చి ఆగగానే లేచి, లుంగీ సర్దుకుని, చుట్టూ తిరిగి, వెనక టైరును చెప్పుకాలితో ఒక తన్ను తన్ని, బానెట్టు ఎత్తకుండానే ధర చెప్పేవాడు. ఆ ధర విన్నాక అమ్మేవాడి మొహం పులుసులో పడ్డ అప్పడంలా మెత్తబడేది. కొనేవాడి మొహం వెలిగేది. కమీషను మాత్రం ఇద్దరి దగ్గర్నుంచీ ముట్టేది.

పాతికేళ్ళుగా అదే బతుకు. ఎన్ని వందల బండ్లు చేతులు మార్పించినా సొంతానికి మాత్రం ఒక్కటీ కొనలేదు. పాత స్కూటరు మీదే తిరిగేవాడు. "మిఠాయి కొట్టోడు మిఠాయి తింటాడేటి?" అనేవాడు ఎవరైనా అడిగితే.

ప్రతి బండికీ అతని దగ్గర ఒక వంక తయారుగా ఉండేది. ఎర్ర రంగైతే పోలీసుల కంట పడుతుందనేవాడు. తెలుపైతే అంబులెన్సులా ఉందనేవాడు. అయితే ఇవన్నీ పొట్టకూటి వంకలు. అతను మనసారా, నమ్మి వంక పెట్టింది ఒక్క రకానికే. అది నాలుగు తలుపుల పికప్పు. మామూలు పికప్పుకి డ్రైవరూ పక్కన ఇద్దరూ కూర్చునే చిన్న కేబిను, వెనక పొడుగాటి బాడీ ఉంటాయి. ఈ రకానికి కేబిన్లోనే ఇంకో వరస సీటు, దానికో జత తలుపులు. ఆ మేరకు వెనక బాడీ పొట్టిదైపోతుంది. ఇటువైపు అలాంటివి చాలా తక్కువ.

"అది కారు కాదు, అలాగని లోడు బండీ కాదు. రెంటికీ సెడ్డ రేవడి," అనేవాడు జగన్నాధం. "ధాన్యం బస్తాలు సీట్లో కూకుంటాయేటి? బండికి తలుపులు పెరిగితే ధర తరుగుతాది. రాసి పెట్టుకో."

ఒకసారి ఒకాయన సీటు వెనక చిన్న అర మాత్రం ఉండే ఒకటిన్నర కేబిను బండి తెచ్చాడు. నాలుగు తలుపుల బండికన్నా అరుదైన రకం. "ఆ అరలో ఎవుల్ని కూకోబెడతావు బాబూ, మీ అత్తగారినా?" అని అడిగేసరికి బడ్డీ దగ్గరున్న డ్రైవర్లందరూ పగలబడి నవ్వారు. ఆయన మళ్ళీ ఆ జంక్షన్లో ఆగలేదు. జగన్నాధం మాటలు మాత్రం ఆ డ్రైవర్ల నోట పడి, టీ ఆరేలోపు అటు పలాస దాకా, ఇటు విజయనగరం దాకా పాకిపోయేవి.

బుడగట్లపాలెం నుంచి సూరయ్య వచ్చిన రోజున కూడా బడ్డీ దగ్గర జనం బాగానే ఉన్నారు. సూరయ్య చేపల వ్యాపారి. నాలుగు తలుపుల బండి అతను కావాలనే కొన్నాడు. పడవలు ఒడ్డుకు చేరగానే గంపలు వెనక వేసి, వాటిని శ్రీకాకుళం బజారులో అమ్మే ఆడవాళ్ళను లోపల కూర్చోబెట్టుకుని బయల్దేరేవాడు. వానొచ్చినా వాళ్ళు తడిసేవారు కాదు. చాలా ఏళ్ళు అలాగే నడిచింది. ఇప్పుడు పెద్ద వ్యాపారుల లారీ ఐసుతో సహా ఒడ్డుకే వచ్చి సరుకంతా ఎత్తుకుపోతోంది. బజారుకు వెళ్ళే ఆడవాళ్ళు తగ్గిపోయారు. బండి ఊరికే నిలబడి ఉప్పుగాలికి తుప్పు పట్టడం చూడలేక అమ్మకానికి తెచ్చాడు.

"నాలుగు లచ్చలొస్తే ఇచ్చీద్దామనుకుంతన్నాను బావా," అన్నాడు.

జగన్నాధం ప్రదక్షిణం చేశాడు. టైరును తన్నాడు. ఆ రోజు శ్రోతలు ఎక్కువగా ఉండటంతో ఒకటికి రెండుసార్లు తన్నాడు.

"నాలుగా? ఇది పెళ్ళికూతురు కాదు సూరయ్య బావా, ఇద్దరు పిల్లల తల్లి. వెనక సూడు, బాడీ ఉన్నాదా? రెండు గంపలెడితే నిండిపోద్ది. దానికితోడు సేపల కంపు. రెండున్నర. దానికి మించి ఎవుడైనా ఇస్తే నా పేరు మార్చీ."

సూరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, బండి వైపు ఒకసారి చూసుకున్నాడు.

"రెండున్నరంటే సరైన ధరేనంతావా?"

"సరైనదేటి, ఎక్కువే సెప్పినాను. నీ మొగం సూసి."

"అయితే ఎవుడో ఎందుకు, నువ్వే తీసుకో." సూరయ్య తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. "పరాయోడి కంటే తెలిసినోడి దగ్గరుంటే నాకూ బాగుంటాది."

బడ్డీ దగ్గర టీ గ్లాసులు నోళ్ళ దాకా వెళ్ళి ఆగిపోయాయి. జగన్నాధం తాళం వైపు చూశాడు. వద్దంటే తను చెప్పిన ధర అబద్ధమవుతుంది. ఇంకా తగ్గిస్తే తన నోరే అబద్ధమవుతుంది. పాతికేళ్ళలో మొదటిసారి అమ్మేవాడు బేరమాడకుండా ఒప్పుకున్నాడు. అతని దగ్గర ఆ రోగానికి మందు లేదు. "దానికేటి, తీసుకుంతాను," అనేశాడు. దాచుకున్నదీ చీటీ పాడగా వచ్చిందీ కలిపి డబ్బు కట్టాడు. సూరయ్య బస్సెక్కి వెళ్ళిపోయాడు.

అమ్మడానికి ఎన్నాళ్ళు పడుతుందిలే అనుకున్నాడు జగన్నాధం. అవతలివాళ్ళ బండ్లనే అమ్మినవాడు తన బండి అమ్ముకోలేడా? తీరా వచ్చిన మొదటి బేరగాడు, పొందూరు నుంచి వచ్చిన కూరగాయల వ్యాపారి, బండి చుట్టూ తిరిగి టైరును తన్నాడు. "బండికి తలుపులు పెరిగితే ధర తరుగుతాదంట కదా," అన్నాడు. రెండోవాడు రేవడి దగ్గర మొదలుపెట్టాడు. మూడోవాడు బండి చూడటానికి కూడా దిగలేదు, బైకు మీంచే నవ్వి పోయాడు.

ఇక్కడ తన నోరే తనకు అడ్డం పడుతోందని ఊరు దాటించాడు. బండి వేసుకుని బొబ్బిలి వెళ్ళాడు. అక్కడి బ్రోకరుకు జగన్నాధం ఎవరో తెలియదు. మర్యాదగా కూర్చోబెట్టి, సోడా తెప్పించి, అంతా విన్నాడు.

"ఈ రకం ఇక్కడ పోదు బాబూ. మీ సికాకుళం పక్కన ఎవుడో పెద్ద తెలివైనోడున్నాడంట. తలుపులు పెరిగితే ధర తరుగుతాదని సెప్పీసినాడంట. ఆ మాట ఇన్న కాడ నుంచి ఇక్కడ ఎవుడూ ముట్టట్లేదు. మీకు తెలిసే ఉంటాడు?"

"ఇన్నాను," అన్నాడు జగన్నాధం. బొబ్బిలి దాకా తన మాట పాకినందుకు గుండె పొంగింది. ఆ పొంగు సోడా తాగడం అయ్యేదాకానే నిలిచింది.

ఇంటికొచ్చి బండిని వాకిట్లో నిలబెట్టి, ఇక దాని మొహం చూడనని కుర్చీకే అతుక్కుపోయాడు. అతని భార్య దుర్గాభవాని మాత్రం దాని మొహం చూసింది. వాకిలిలో సగం ఆక్రమించిన వస్తువు ఊరికే పడి ఉండటం ఆమెకు నచ్చలేదు. ఒక పగలల్లా కూర్చుని చింతపండు పులుసూ పసుపూ పెట్టి లోపల తోమింది. వేపాకు కాల్చి పొగ పెట్టింది. సీట్లకు పాత చీరలతో కవర్లు కుట్టింది. చేపల వాసన ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన పాతిక వంతు ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

ఆ వారమే ఆమె అక్క తాయారు వచ్చింది. తాయారు పెళ్ళిళ్ళకు వంట చేస్తుంది. ఆమె కోడలు ఉష, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఆమె జట్టు. ఆమె పనసపొట్టు కూర కోసం ముహూర్తాలు మార్చుకున్నవాళ్ళున్నారని చెప్పుకుంటారు. ఆవిడకున్న బాధల్లా ఒకటే: గుండిగలు, పొయ్యిలు ఒక ట్రక్కు ఆటోలో పోతాయి, మనుషులు ఇంకో ఆటోలో పోతారు. రెండూ ఒక్కసారి చేరిన పెళ్ళి ఇంతవరకు లేదు. గుండిగలు ముందొస్తే కాపలా లేక గరిటెలు పోతాయి. మనుషులు ముందొస్తే పెళ్ళివారి తిట్లు తినాలి.

తాయారు వాకిట్లో బండిని చూసింది. ముందు తలుపు తీసింది, వెనక తలుపు తీసింది, వెనక బాడీలోకి తొంగి చూసింది.

"ఓలమ్మో! మడుసులు లోపల, గుండిగలు ఎనకాల. ఇలాటి బండి కూడా ఉంటాదేటే? మా మరిది ఎంత ముందుసూపుతో కొన్నాడే!"

ఆ బండి గురించి జగన్నాధానికి దక్కిన మొదటి మెచ్చుకోలు అది. లుంగీ సర్దుకుని, "మరేటనుకున్నావు వదినా," అన్నాడు.

అలా అతను వంటల బండికి డ్రైవరయ్యాడు. మొదట్లో రెండు పెళ్ళిళ్ళకేనన్నాడు. తర్వాత మాఘమాసం వచ్చింది. జంక్షన్లో కుర్చీ ఖాళీగా ఉంటే, జగన్నాధం ఆమదాలవలసలోనో, రాజాంలోనో ఏదో పెళ్ళిపందిరి వెనక బండి నిలబెట్టుకుని కూర్చునేవాడు. లోపల అయిదుగురు ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడుతుంటే స్టీరింగు పట్టుకుని బిక్కచచ్చిపోయేవాడు. చొక్కాకు ఇంగువ వాసన పట్టేసింది. "నడుం ఇరిగిపోతన్నాది. నానేటి డ్రైవర్నా?" అని రోజూ గొణిగేవాడు. గొణుగుడు విని విని ఉష ఒకనాడు, "మావయ్యా, నాకు నేర్పు," అంది. వదిలించుకోవడానికి సరేనన్నాడు. ఎచ్చెర్ల యూనివర్సిటీ పక్క ఖాళీ రోడ్డు మీద నేర్పడం మొదలుపెట్టాడు. మొదటిరోజే గేరు మార్చడం వచ్చేసింది. అతను వెతికి వెతికి పట్టిన తప్పు ఒక్కటే, హారన్ చాలడం లేదని. వేసవి తిరిగేసరికి లైసెన్సు కూడా తెచ్చుకుంది.

బాడుగ డబ్బు దుర్గాభవాని చేతికి వచ్చేది. బ్రోకరు కమీషనుకన్నా అది ఎక్కువని ఆమె ఎప్పుడూ అనలేదు. అతనూ అడగలేదు. తెలియకపోతే కదా అడగడానికి.

పెళ్ళిళ్ళ కాలం అయిపోవస్తోందనగా, విజయనగరం నుంచి గణపతిరావు అనే కాంట్రాక్టరు జంక్షన్‌కు వచ్చాడు. పెద్ద కరెంటు లైన్లకు టవర్లు నిలబెట్టే పని అతనిది. పనివాళ్ళు, పనిముట్లు ఒకే బండిలో కొండ దాకా పోవాలి.

"నాలుగు తలుపుల పికప్పు కావాలండి. మీ కాడ ఒకటున్నాదని తెలిసింది. ఎంత సెప్తారు?"

జగన్నాధం కుర్చీలోంచి లేచాడు. ఎవరైనా తనను ఎంత చెబుతారని అడగడం, అదీ ఈ బండికి! అలవాటు కొద్దీ బండిని ఒకసారి తిట్టబోయి, ఆగి, నాలుక మడతపెట్టుకున్నాడు.

"నాలుగూపాతిక," అన్నాడు. గణపతిరావు అక్కడికక్కడే అడ్వాన్సు తీశాడు.

టీ బడ్డీ మొత్తం చూసింది. రెండున్నరకు కొని, వాడుకుని వాడుకుని నాలుగూపాతికకు అమ్మినవాడు! పోయిన పరపతి వడ్డీతో సహా తిరిగొచ్చింది. అతను ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు. దుర్గాభవాని బియ్యం ఏరుతూ అంతా విని, చేట పక్కన పెట్టింది.

"అమ్ముతావు సరే. అక్కకేటి సెప్తావు?"

"మూఢం వచ్చీసింది కదే. ఎలాగూ పెళ్ళిళ్ళు నేవు. మూఢం ఎల్లేలోపు ఇంకోటి తెచ్చి పడీనా? ఆ బండ్లు ఎవుడిక్కావాలి! రెండున్నరకి ఒకటి కాదు, రెండు తెస్తాను."

"నీ ఇష్టం," అంది దుర్గాభవాని. ఆ మాట ఆమె అన్న తీరు చూసి, వేరే ఎవరన్నా అయితే అనుమానపడేవారు.

బండి వెళ్ళిపోయింది. అక్కడితో జగన్నాధం వేట మొదలైంది. గణపతిరావు ఒక్కడే కాదు, ఆ లైను పని అటు సాలూరు దాకా పది ముక్కలుగా పదిమంది కాంట్రాక్టర్లకు దక్కిందని అతనికి అప్పటిదాకా తెలియదు. వాళ్ళందరికీ కొండ రోడ్ల మీద మనుషులూ పనిముట్లూ కలిసి పోయే బండే కావాలి. జిల్లాలో ఉన్న కొద్దిపాటి నాలుగు తలుపుల బండ్లూ ఒక్కొక్కటే కొండెక్కేశాయి. జగన్నాధం నరసన్నపేట వెళ్ళాడు, లేదన్నారు. పార్వతీపురం వెళ్ళాడు, నిన్ననే పోయిందన్నారు. బొబ్బిలి వెళ్ళాడు. సోడా ఇచ్చిన బ్రోకరు ఈసారి కూర్చోమనడానికి కూడా తీరికలేనట్టు కనిపించాడు.

"దొరకని రకం బాబూ. ఉంటే అయిదు దాటి పలుకుతాది. ఆయేళ మీ దగ్గరున్నది ఏటి సేసినారు?"

"అమ్మీసినాను."

"అయ్యయ్యో!" అన్నాడు బ్రోకరు. నిజంగానే జాలిపడ్డాడు.

మూఢం వెళ్ళిపోయింది, బండి రాలేదు. తాయారు జట్టు మళ్ళీ రెండు ఆటోలకు దిగింది. రాజాంలో ఒక పెద్ద పెళ్ళికి మనుషులు సకాలానికి చేరారు గాని, గుండిగలున్న ఆటో చీపురుపల్లి దగ్గర టైరు పేలి కూర్చుంది. పెళ్ళివారు ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి గిన్నెలు ఏరి తెచ్చారు. నాలుగు వందల మందికి అన్నం నలభై గిన్నెల్లో వండాల్సి వచ్చింది. పనసపొట్టు కూర అడుగంటింది. తాయారు చేతి కూర అడుగంటిందని జనం మూడు మండలాల్లో చెప్పుకున్నారు.

తాయారు చెల్లెలింటికి వచ్చింది. కాఫీ ఇస్తే తాగింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ధర బాగానే వచ్చిందంట కదా మరిదీ," అంది. అతనికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

పాతపట్నంలో ఒకటుందని చివరికి దుర్గాభవానికే తెలిసింది. ఆమెకు చెప్పింది ఒక పెళ్ళికూతురు తల్లి. ఒడిశా సరిహద్దు దగ్గర, పెళ్ళికెదిగిన కూతురున్న ధనరాజ్ అనే వ్యాపారి బియ్యం మిల్లు మూసేస్తూ బండి అమ్ముతున్నాడట. జగన్నాధం ఒక్కడే వెళ్ళి తేల్చుకొస్తానన్నాడు. "వద్దు, అందరం ఎల్దాం," అంది దుర్గాభవాని. తాయారు జట్టుతో సహా అందరూ బస్సులో వెళ్ళారు.

ధనరాజ్ అయిదుంబావు చెప్పాడు. జగన్నాధం లేచాడు. లుంగీ సర్దుకున్నాడు. బండి చుట్టూ తిరిగాడు, టైరును తన్నాడు.

"బాడీ పొట్టిది కదండీ," అని మొదలుపెట్టాడు.

"పొట్టిదే," అన్నాడు ధనరాజ్ తాపీగా. "వద్దంటే సాలూరు నుంచి సాయంత్రానికి ఒకాయన వస్తన్నారు."

జగన్నాధం ఇంకో వంక కోసం వెతుకుతూ ఉండగానే దుర్గాభవాని వెనక తలుపు తీసింది. తాయారును ఎక్కించింది, జట్టులోని ముగ్గురినీ ఎక్కించింది. తలుపులు వేసి, తీసి, మళ్ళీ వేయించింది.

"అక్కా, మోకాళ్ళు తగుల్తన్నాయేటి?"

"నేదే. బాగున్నాది."

"గుండిగ అడ్డంగా పడతాదా?" అని ఉషను అడిగింది. ఉష కొంగుతో వెనక బాడీ కొలిచి, పడుతుందంది. తర్వాత ఇంజను స్టార్టు చేసి, బానెట్టు ఎత్తి, చెవి దగ్గరగా పెట్టి విన్నది. అది చూసి జగన్నాధానికి ఎందుకో సిగ్గేసింది.

"అయిదుంబావు మా ఆయనకి సెప్పిన ధర," అంది దుర్గాభవాని ధనరాజ్‌తో. "ఆయన బ్రోకరు. నాకు సెప్పండి. మేం ఈ బండిని అమ్మడానికి కొనట్లేదు, వాడుకోడానికి కొంతన్నాం. టవర్ల కాడికి తోలీస్తే ఏడాదికి తుక్కయిపోద్ది. మా దగ్గరుంటే మీరెప్పుడొచ్చినా కంటికి కనపడతాది. మీ అమ్మాయి పెళ్ళికి ఇదే బండిలో వచ్చి వంట సేస్తాం."

ధనరాజ్ నవ్వాడు. మిల్లు మూస్తున్న మనిషి, ఆ నవ్వు చాలాకాలం తర్వాత వచ్చినట్టుంది. అయిదుకు ఇచ్చాడు. జగన్నాధం జేబులో నాలుగూపాతిక ఉంది. మిగతాది దుర్గాభవాని సంచిలోంచి తీసింది. బాడుగ డబ్బులోంచి ఆమె ఎన్నాళ్ళుగా కూడబెట్టిందో, ఇంకా ఎంతుందో, సంచి మూతి బిగించడంలోనే తెలియనివ్వలేదు.

కాగితాల మీద సంతకాలు అయ్యాక జగన్నాధం డ్రైవరు సీటు వైపు నడిచాడు. అక్కడ ఉష అప్పటికే కూర్చుని అద్దం సరిచేసుకుంటోంది. పక్క సీట్లో తాయారు. మోకాళ్ళ నొప్పులకు ముందు సీటే మంచిదని చోటు మారింది. జట్టులో ఒకామె ఆమె పక్కనే సర్దుకుంది. దుర్గాభవాని, మిగతా ఇద్దరు ఆడవాళ్ళు వెనక వరసలో ఉన్నారు.

"నడుం నొప్పంతావు కదా. ఎనక్కొచ్చి కూకో," అంది దుర్గాభవాని, కాస్త జరిగి.

అతను ఎక్కాడు. ఒక పక్క భార్య, ఇంకో పక్క పాతపట్నం సంతలో కొన్న పనసకాయ. ఉష క్లచ్ వదిలిన తీరుకు బండి కొంచెం కూడా ఉలిక్కిపడలేదు. టెక్కలి రోడ్డు ఎక్కేసరికి ఆడవాళ్ళు వచ్చే ముహూర్తాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కిటికీలోంచి గాలి చల్లగా కొట్టింది. మొక్కజొన్న చేలు వెనక్కి పోతున్నాయి. సీటు మెత్తగానే ఉందనీ, కాళ్ళు చాపుకోవడానికి చోటు కూడా ఉందనీ జగన్నాధం గమనించాడు. పనసకాయ దొర్లకుండా దాని మీద ఒక చెయ్యి వేసి, కళ్ళు మూసుకున్నాడు.